అప్పగింతల కాడ ఆగిన డిస్కు

సారంగపాణి సిగ్గుతోని తల దించుకోంగ వరంగల్ చౌరస్తల ఎవ్వరూ చూడలె. ఆ మాట ఆయనే చెప్పుకునేటోడు. గిన్నెల దుకాణం ఆయనది. స్టీలు సామాను ముంగట మెరుస్తది గని అసలు యాపారం లోపల, ఇత్తడి రాగి తూకం కాడ. కాంటా మీద బిందె పెట్టి, అంకె నిలబడేదాక చేతులు ఎనకకు కట్టుకొని నిలబడ్తడు, గిరాకీకి అనుమానం రావద్దని. "మా నాయిన నాటి నుంచి ఈ దుకాణంల తూకం తప్పలె" అంటడు. గిరాకీ అడిగిండా? లేదు. అయినా చెప్తడు.

గసోంటి మనిషి కంప్యూటర్ పిచ్చిల పడ్డడు. దుకాణంల బిల్లులకు పెట్టుకున్న కంప్యూటర్ డబ్బాల ఎవడో సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ ఎక్కించిపోతే, అది ఒకనాడు బిల్లులన్నీ మింగి నల్ల తెర పెట్టుకొని కూసున్నది. ఇన్నేండ్లు తన దుకాణంల దొంగ సరుకు నడిచిందని అప్పుడు తెలిసింది ఆయనకు. ఇగ చూడాలె ఆ కోపం! బిల్లులకు కొత్తది కొనుక్కొని, ఆ పాత డబ్బాను ఇంటికి తెచ్చుకున్నడు. నెట్‌ల చదువుకుంట, తప్పులు చేసుకుంట, మల్ల మొదలువెట్టుకుంట దాంట్ల లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిండు. ఎక్కించినోడు ఊకున్నడా? "ఇది ఎక్కడెక్కడోల్లో రాసి ఊకెనే ఇచ్చిన్రు. లోపల ఏమున్నదో ఎవలైనా విప్పి చూడొచ్చు, దాపరికం లేదు" అని పెండ్లిల్లల్ల, పురుడు కాడ, ఆఖరికి సావు కాడ గూడ చెప్పవట్టిండు. భార్య పద్మలత రెండు చేతులెత్తి దండం పెట్టేది, "జర వాల్లను అన్నం తిననియ్యిండ్లి" అని.

మొన్నటి దసరాకు ఏం చేసిండో చెప్పాలె. దుకాణంల ఏటేటా కాంటాకు పూజ చేస్తడు. కాంటా పళ్లెంల కుంకుమబొట్టు పెట్టి, బంతిపువ్వు పెట్టి, అక్షింతలు పోస్తడు. తాత నాటి రివాజు అది. ఆ పూజ ముగించుకొని ఇంటికొచ్చి కంప్యూటర్ ముంగట నిలబడ్డడు. దీనికి అక్షింతలు ఏడ పొయ్యాలె? డబ్బా మీద పోస్తే జారి కింద పడ్తానయి. ఆలోచించి ఆలోచించి బటన్ ఒత్తిండు. డిస్కు పెట్టే తట్ట మెల్లగ బయటికొచ్చింది, అచ్చం కాంటా పళ్లెమే. "ఆహా!" అన్నడు. దాంట్ల తడి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, పువ్వు పెట్టి, పిడికెడు అక్షింతలు పోసి హారతి ఇచ్చిండు. పద్మలత కొంగు నోట్లె కుక్కుకొని నవ్వింది. పూజ అయినంక పువ్వు తీసి, అక్షింతలు చేతితోని దులిపి, తట్టను లోపలికి నెట్టిండు.

సమ్మమ్మ ఆయన దుకాణంలనే పనిచేస్తది. తొర్రూరు దిక్కు ఊరు ఆమెది, పెండ్లయినప్పటి సంది కరీమాబాద్‌ల ఉంటాంది. గిన్నెలు తుడిచి, ఒకదాంట్ల ఒకటి పట్టేటట్టు పేర్చి, దుకాణం మెరిసేటట్టు చేసేది ఆమెనే. మొగడు కట్టయ్య మార్కెట్‌ల హమాలి. పోయినేడు కార్తీకంల బస్తా దించి ఊపిరి పీల్చుకుందామని కూసున్నోడు మల్ల లేవలె.

కట్టయ్య మాట్లాడని మనిషి. ఇంట్ల గూడ "అన్నం పెట్టు", "నేను పోతాన" తప్ప మూడో మాట లేదు. అసోంటోడు బిడ్డ హారిక పెండ్లిల అప్పగింతల కాడ నోరు తెరిచిండు. బిడ్డ చెయ్యి అల్లుని చేతుల పెట్టుకుంట ఏందో చెప్పిండు, చెప్పుకుంట ఏడ్చిండు. పక్కన బ్యాండు వాయిస్తాన్రు. హారికకు ఏడుపుల ఒక్క ముక్క వినబడలె. సమ్మమ్మ అప్పుడు లోపల బిడ్డ పెట్టె సర్దుతాంది. అల్లుణ్ని అడిగితే "మంచిగ చూసుకొమ్మన్నడు మామ" అంటడు, అది ప్రతి మామ అనేదే. వీడియో తీసినాయన మాత్రం దగ్గర నిలబడి తీసిండు, ఆ మాటలు డిస్కులకు ఎక్కినయి. బిడ్డ పెండ్లయిన కొత్తల ఇంటినిండ చుట్టాల లొల్లిల సమ్మమ్మ ఒకసారి చూసింది గని, ఇంటాయన పక్కనే కూసున్నడని సిగ్గుపడి సరిగ్గ వినలె. బతికున్న మనిషి మాట, ఎప్పుడన్న వినొచ్చు అనుకున్నది. తర్వాత ఇంట్ల ప్లేయర్ ఖరాబయింది. డిస్కును పట్టుచీరె మడతల పెట్టి దాచింది.

కట్టయ్య ఏడాది, అదే సంవత్సరీకం, దగ్గరికొచ్చింది. ఒకనాడు దుకాణం మూసే యాళ్లకు సమ్మమ్మ ఆ డిస్కు తెచ్చి గల్లా మీద పెట్టింది.

"సావుకారి, ఏడాది నాడు ఊరి నుంచి మనోల్లొస్తరు. అందరం కూసొని ఒక్కసారి ఆయన మాట ఇనాలని ఉన్నది. నీ కంప్యూటర్ల వస్తదా? మా గల్లీల ఒకలింట్ల ప్లేయర్ ఉన్నది గని..."

"వస్తదా అని అడుగుతానవా?" సారంగపాణికి నషా ఎక్కింది. "గా డొక్కు ప్లేయర్లల్ల పెట్టకు, డిస్కు గీతలు పడ్తది. నాకియ్యి. ఏడాది నాటికి సినిమా హాల్ల చూపిచ్చినట్టు చూపిస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఆమె రెండు చేతులతోని డిస్కు ఇచ్చింది. "గదొక్కటే ఉన్నది సావుకారి" అన్నది.

ఇంటికి పోయి డిస్కు పెట్టిండు. మొదలు అది తెరుచుకోనే లేదు. డిస్కులకు తాళం ఉంటదట, ఆ తాళం తీసే ముక్క ఒకటి విడిగ ఎక్కించుకోవాలెనట. ఎక్కించిండు. బొమ్మ వచ్చింది గని నడుస్తలేదు, కుంటుతాంది. పెండ్లికొడుకు తలంబ్రాలు పోస్తే బియ్యం గాలిల ఆగి, ఆలోచించుకొని, అప్పుడు కింద పడ్తానయి. అయ్యవారి మంత్రం సగంల తెగిపోతాంది. మనుషులు కదిలినప్పుడల్లా ఒంటి మీద దువ్వెన పండ్ల లెక్క గీతలు. అప్పగింతల కాడికి వచ్చేసరికి ఇగ మొత్తానికే ఆగింది. లోపల డిస్కు తిప్పే డ్రైవ్ కర్ కర్ మన్నది.

"లోపల ఏందో గీకుతానట్టున్నది" అన్నది పద్మలత.

"పాత డ్రైవ్, గట్లనే మూల్గుతది. నీకేం తెల్సు?"

తెల్లారి దుకాణంల సమ్మమ్మ ఆశగ మొఖం చూసింది. అప్పుడేమనాలె మనిషి? "నాకు చాతకాలె, జర ఆగు" అంటే ఏమైతుండె? ఏం కాకపోవు. గని సారంగపాణి అన్నది ఇది: "నీ డిస్కే నాసిది సమ్మమ్మా. ఆ వీడియో ఆయన మోసం చేసిండు."

అక్కడితోని ఆగలె. డిస్కు మీది నుంచి రాసుకొచ్చిన నంబర్ తీసి, గిరాకీలందరు వింటాంటే రాజమౌళికి ఫోన్ కొట్టిండు. రాజమౌళి హన్మకొండల పెండ్లి వీడియోలు తీసేటోడు, ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చేసుకొని బతుకుతాండు.

"అన్నా, ఆ టేపులు ఎన్నడో పోయినయి, నా కాడ ఏం లేదు" అన్నడు రాజమౌళి. "గని ఆ డిస్కు బరాబర్ నడిచింది, చూసుకున్నంకనే ఇచ్చిన. జర వేరే ప్లేయర్ల పెట్టి చూడుండ్లి."

"అంటే తప్పు నా కంప్యూటర్‌దా? పేదోల్ల పెండ్లి గద, ఎవలడుగుతరని అగ్గువ డిస్కు అంటగట్టినవు. నీ అసోంటోల్లతోనే మనిషి మీద నమ్మకం పోయింది."

అవతల రాజమౌళి ఇంక ఏందో అంటాండు, ఈయన ఫోన్ పెట్టేసిండు. పెట్టేసి గిరాకీల దిక్కు చూసిండు, చూసిన్రా అన్నట్టు. సమ్మమ్మ గిన్నె తుడుసుడు ఆపి, "పోనియ్యి సావుకారి, నాకోసం నువ్వు కొట్లాడవడితివి" అన్నది.

ఇగ ఆ పొద్దు నుంచి ఆయనకు అదే పని. లినక్స్ వాడేటోల్లు ఒకలికొకలు సాయం చెప్పుకునే పేజీలుంటయి, అండ్ల అడిగిండు. ఒకలు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చుమన్నరు. ఒకలు బొమ్మను ముందుగాలనే కొంచెం కొంచెం దాచిపెట్టుకునేటట్టు ప్లేయర్‌ల అంకె పెంచుమన్నరు. గీతలు పోయేందుకు ఒక మీట ఉన్నదన్నరు. ఒకాయన మాత్రం "ముందు డ్రైవ్ తెరిచి శుభ్రం చేసి చూడు" అని రాసిండు. సారంగపాణి ఆ మాట చదివి మూతి తిప్పిండు. తన సామాను మీద ధూళి? పూజ చేసిన సామాను అది.

చెప్పింది చేసినప్పుడల్లా డిస్కు పెట్టుడు, అప్పగింతల కాడికి జరుపుడు, చూసుడు. ఆడ ఆగితే తీసుడు, మల్ల ఒకటి మార్చుడు, మల్ల పెట్టుడు. నిజం చెప్పాలంటే అన్నీ బాగైనయి. గీతలు పోయినయి. తలంబ్రాలు జలజల పడ్తానయి. ఒక్క అప్పగింతలే మొండికేసినయి. మొదలు ఆగి ఆగి వచ్చేవి, తర్వాత నాలుగు ముక్కలైనయి, తర్వాత పచ్చని గళ్లు గళ్లు. ఆఖరికి ఆ కాడికి రాంగనే తెర మీద ఒక్క వరుస పడ్డది, డిస్కు చదవలేకపోతాన అని.

అప్పుడు, ఇగ ఏం తోచక, తట్ట బయటికి తీసి మెత్తటి బట్టతోని తుడుద్దామని వంగిండు. ఎండిన కుంకుమ తట్టకు గార లెక్క పట్టుకొని ఉన్నది. ఆ కుంకుమల అతుక్కొని ఒక అక్షింత. పసుపు బియ్యపు గింజ, మొన సక్కగ మీదికి లేచి. సారంగపాణి డిస్కును తిప్పి దీపం కాడ పట్టిండు. అడుగున గుండ్రంగ, కొలిచి గీసినట్టు ఒక రేఖ చుట్టు తిరిగి ఉన్నది. వేలితోని తడిమితే గోరుకు తగులుతాంది. పెట్టినప్పుడల్లా ఆ గింజ గీకింది. తాను పట్టువట్టి చూసిన కొద్ది గీకింది.

పద్మలత చూసింది. నవ్వలె. "చెప్పుండ్లి సమ్మమ్మకు" అన్నది.

"చెప్త."

"రాజమౌళికి గూడ."

"చెప్త అన్న గద!"

చెప్పలె. తెల్లారి దుకాణంల సమ్మమ్మ "అయితదా సావుకారి?" అంటే "అయితది, చివరికొచ్చింది" అన్నడు. ఆ మాట అన్నంక ఆమె దిక్కు చూడలేక, అవసరం లేకున్నా లోపల అరలల్లకు పోయి రాగి చెంబులు లెక్కవెట్టినట్టు నిలబడ్డడు. రాజమౌళి నంబర్ తీసి పట్టుకున్నడు, మల్ల జేబుల పెట్టుకున్నడు. గిరాకీల ముంగట తిట్టినోడు గిరాకీల ముంగటనే తప్పొప్పుకోవాలె గదా, అది ఆయనకు మింగుడువడలె.

తట్ట కడిగి, చెడిపోయిన డిస్కుల నుంచి దొరికిన కాడికి తోడుకునే ప్రోగ్రాం ఒకటి పెట్టిండు. అది మెల్లగ, ఓపికగ చదివింది. పెండ్లి మొత్తం వచ్చింది, ఎదురుకోళ్ల నుంచి కారు కదిలేదాక. మధ్యల ఆ గీత కింద పడ్డ కాడికి రాలె. ఎన్నిసార్లు అడిగినా రాలె. కట్టయ్య బిడ్డ చెయ్యి పట్టుకునే కాడ పోయింది, బిడ్డ కారెక్కే కాడ మల్ల వచ్చింది.

ఇగ అప్పుడు చేసిండు ఆ పని. పాడైన ముక్కను కోసేసి, అటు భోజనాలను ఇటు కారును అతికిచ్చిండు. అతుకు తెల్వకుండ మధ్యల ఒక పువ్వుల బొమ్మ పెట్టిండు, పెండ్లి వీడియోలల్ల ఉంటది గద అసోంటిది. నడిపి చూసిండు. ఎక్కడా ఆగలె, నూనె పోసినట్టు నడిచింది. ఇత్తడి బిందె మీద గ్రాము తగ్గితే ఒప్పుకోని మనిషి, కట్టయ్య మాటను మొత్తానికి మొత్తం తగ్గించి తూకం సరిపోయిందనుకున్నడు. ఇంతమంది పెండ్లి చూసి సంబరపడ్తరు, ఎవలు యాది పెట్టుకుంటరు అనుకున్నడు.

ఏడాది నాడు డబ్బాను, తెరను ఆటోల పెట్టుకొని కరీమాబాద్ పోయిండు. ఇంటి ముంగట టెంటు, కట్టయ్య ఫొటోకు దండ, దండం పెట్టుకొని కూసున్న చుట్టాలు. "సావుకారి అచ్చిండు, కుర్చీ ఎయ్యిండ్లి" అని సమ్మమ్మ ఎదురొచ్చింది. ముసలోల్లు ముంగట, ఆడోల్లు గడప కాడ కూసున్నరు. హారిక కొడుకును ఒళ్లె పెట్టుకొని తెర పక్కనే కూసున్నది.

బొమ్మ మొదలైంది. ఆహా అన్నరు అందరు. "ఎంత సాఫ్ ఉన్నదో!" "మా ఇంట్ల డిస్కులు గింత మంచిగ రావు." ఎవరో ఈయన భుజం తట్టిన్రు. తలంబ్రాలు జలజల పడ్డయి. కట్టయ్య కనబడ్డప్పుడు, వెనక నిలబడి ఎవరికో మంచినీళ్లు అందిచ్చుకుంట, గడప కాడ ఆడోల్లు ఒక్కసారి గొల్లుమన్నరు. సమ్మమ్మ ఏడవలె. ఆమె ముంగటికి వంగి కూసున్నది, చెవి తెర దిక్కు పెట్టి. అప్పగింతల కోసం చూస్తాంది.

భోజనాలు అయినయి. పువ్వు వచ్చింది, పోయింది. హారిక కారెక్కి కూసున్నది.

సమ్మమ్మ అటు ఇటు చూసింది. "అదేంది? అప్పగింతలేవి?"

"ఇంకా ఎనక వస్తదేమో" అన్నరు ఎవరో. కారు పోయింది, పెండ్లి ముగిసింది, తెర నల్లగైంది.

"ఆ వీడియో ఆయన తీసి ఉండడు" అన్నడు ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి. "పైసల కోసం తిరిగేటోల్లు, పక్కకు పోయి బీడీ తాగుతాండొచ్చు."

"తీసిండు" అన్నది సమ్మమ్మ. "నేను సూసిన. మా ఇంట్ల సూసిన గద..." అని ఆగింది. హారిక మొఖం చూసింది. "సూడలేదా బిడ్డా నేను? ఆయన ఏడ్సుడు, చెప్పుడు... ఏమోనే. కలల చూసిన్నో ఏమో. మనిషి పోయినంక ఏమేమో అనుకున్న నేను. ఆయన మాట్లాడనే లేదో ఏమో."

ఆ మాట సారంగపాణికి తగలవలసిన కాడ తగిలింది. ఇంకొక్క నిముషం ఊకుంటే కట్టయ్య నిజంగనే మాట్లాడనోడైతడు, అదీ ఆయన పెండ్లాం నోటితోనే. లేచి నిలబడ్డడు.

"మాట్లాడిండు సమ్మమ్మా. తీసిండు రాజమౌళి, మంచిగనే తీసిండు. నేను ఖరాబు చేసిన." డబ్బా దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "దసరాకు ఆ తట్టల అక్షింతలు పోసిన. ఒక గింజ అండ్లనే ఉన్నది. డిస్కు గీకపడ్డది. నీకు తెల్వద్దని ఆ ముక్క కోసేసిన. రాజమౌళిని ఊకెనే తిట్టిన. తప్పు నాది."

పెద్దమనిషి తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. టెంటు కింద నిలబడ్డ సారంగపాణికి భూమి తెరుచుకొని మింగితే బాగుండనిపించింది. తిడితే బాగుండు, ఎవరన్న తిడితే బాగుండు.

సమ్మమ్మ తిట్టలె. ఆమె మొఖంల ఏదో వెలుగు వచ్చింది. "అయితే ఉండె గద డిస్కుల? ఆయన మాట ఉండె గద?"

"ఉండె."

"నువ్వు సూసినవు గద సావుకారి? అంత కష్టపడి మల్ల మల్ల పెట్టి సూసినవు." ఆమె లేచి దగ్గరికొచ్చింది, చేతులు జోడిచ్చినంత పని చేసింది. "అయితే నువ్వే చెప్పు. ఏమన్నడు మా ఆయన బిడ్డతోని? జర యాది చేసుకొని చెప్పు."

సారంగపాణి యాది చేసుకున్నడు. బొమ్మ ఎక్కడ అదిరిందో యాదికున్నది. గీతలు ఏ మీటకు పోయినయో యాదికున్నది. తెర మూలన బొమ్మ వేగం చూపే అంకె ఎంత పడిపోయిందో గూడ యాదికున్నది. మాట తెగి తెగి వస్తాంటే చికాకని సౌండ్ బంద్ పెట్టుకొని చూసిండు ఆయన, మొదటి నాటి నుంచి. కట్టయ్య ఏ రంగు అంగీ తొడుక్కున్నడో గూడ చెప్పలేడు.

"నాకు తెల్వది సమ్మమ్మా" అన్నడు. "నేను బొమ్మ నడుస్తాందా లేదా అనే చూసిన. ఆయన దిక్కు చూడలె."

సమ్మమ్మ ఇంకా కొంచెంసేపు ఆయన మొఖం చూసింది, ఇంకేమన్న వస్తదేమో అన్నట్టు. తర్వాత కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. "మనోల్లకు ఆకలైతాంది బిడ్డా, ఇస్తార్లు ఎయ్యి" అని హారికకు చెప్పింది. "సావుకారికి గూడ ఒకటి ఎయ్యి."

హారిక ఇస్తారి వేసి, నీళ్ల గ్లాసు పెట్టింది. సారంగపాణి కూసున్నడు. అన్నం పెట్టేందుకు సమ్మమ్మ వచ్చి వంగినప్పుడు గూడ ఆయన తల ఎత్తలేకపోయిండు.